నాయనమ్మ ఉతికిన రెక్కల బట్ట

రత్నం మామ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన ఎస్తేరు. అప్పుడు నా మనవరాలు గోళ్ళకు రంగు వేసుకుంటోంది. ఆ ఘాటు వాసనకు పటాన్‌చెరులో మా ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో నాన్న కట్టిన విమానం కళ్ళ ముందుకొచ్చాయి. రెక్కలకు పూసే రంగుదీ అదే వాసన.

నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు, మామ ఆయన చిన్ననాటి దోస్తు, ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్. నాన్న డ్యూటీ దిగి వచ్చి చెక్క చిత్రిక పడుతుంటే, ఇక్కడ దొరకని సామాను మామ బొంబాయి నుంచో కలకత్తా నుంచో మేజోళ్ళలో బోల్టులు, పరుపుచుట్టలో గొట్టాలు దాచుకొని తన విమానంలోనే తెచ్చి, బేగంపేటలో దిగి, యూనిఫాం మీదే బస్సెక్కి వచ్చేవాడు. బడికి వెళ్ళని నాకు అమ్మ ఆ పెట్టెల మీది అక్షరాలతోనే ఇంగ్లీషు నేర్పింది. మూట విప్పే ముందు ఆమె ప్రార్థన చేస్తుంటే, మేం కళ్ళు మూసుకొని, క్రిస్మస్ రోజులైతే సకినాలు కాలే వాసన పీల్చేవాళ్ళం.

ఆ చలికాలం మామ రెక్కల బట్ట తెచ్చాడు. క్రిస్మస్ కాగానే ఆయనకు మద్రాసు బదిలీ. ఆలోగా విమానం లేవకపోతే నడిపేవాళ్ళే లేరు. తెల్లారి చూస్తే ఆ బట్టంతా తడిసి దండెం మీద వేలాడుతోంది.

"కొత్త బట్ట తడపకుండ ఎట్ల కుడ్తరు బిడ్డా? గుంజుకపోదా?" అంది నాయనమ్మ.

"గా గుంజుకునుడేందో రంగు పూసినంక రెక్క మీద గుంజుకోవాలెనే అమ్మా! అప్పుడే బిర్రుగైతది. ఇగ ఇది పనికి రాదు," అని నాన్న కూలబడ్డాడు.

మామ మాత్రం పగలబడి నవ్వాడు. "పరేషాన్ గాకురా. ఇంకో ట్రిప్పున్నది, మళ్ల తెస్త. అమ్మా, ఈసారి దానికి సబ్బు సూపియ్యకు!"

నాయనమ్మ నవ్వలేదు. మామ తిరిగి వచ్చేదాకా అన్నం ముందు కూర్చొని కూడా ఆయన ప్రయాణం కోసమే ప్రార్థించింది. ఆయన వచ్చాడు, బట్టతో. బదిలీకి ముందు ఒక ఉదయం, ఇస్నాపూర్ అవతలి బీడులో, మామ ముందు, నాన్న వెనక కూర్చోగా విమానం జొన్నచేల మీదుగా లేచింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అది దిగేదాకా కూర్చోలేదు.

ఆ బీడు ఇప్పుడు షెడ్లతో నిండిపోయింది. కొట్టం లేదు, నాన్నా నాయనమ్మా లేరు, రెక్కల మీది బట్ట ఎప్పుడో చివికిపోయింది. నాయనమ్మ ఉతికిన బట్టను మాత్రం అప్పుడే మా గుడికిచ్చేశాం, రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద ఇప్పటికీ పరుస్తారు. దాన్ని ఉతికే భాగ్యం నాది. మీరు ఎప్పుడైనా ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే, స్నేహితుడి కోసం రెండోసారి మూట మోసుకొచ్చిన మా రత్నం మామను కూడా ఒకసారి తలుచుకోండి.