వెళ్లొస్తానన్న జోకు

వీధి చివరి సెలూన్లో కత్తెర బాబాయ్ జోకుల్ని పరీక్షించే పద్ధతే వేరు. కత్తి చెంప మీద పెట్టాకే జోకు వదులుతాడు. కదిలితే తెగుతుందని కుర్చీలో మనిషి బిగుసుకుని కూర్చుంటాడు కదా! అప్పుడు కూడా నవ్వు ఆగక గడ్డం వణికిందంటే జోకు పాసయినట్టే. ఇన్నేళ్లలో ఒక్కరికీ గాటు పడలేదు. అది చేతి పనితనమో, జోకుల చప్పదనమో మనకెందుకు!

పాసయిన జోకును ఆదివారం సాయంత్రం టీ కొట్టు మేడ మీది హాలుకి మోసుకెళ్తాడు. అక్కడ అడిగిన ప్రతివాడికీ మైకు ఇస్తారు. నవ్విస్తే చప్పట్లు, లేకపోతే నోరు మూసుకుని దిగిపోవడమే.

ఈసారి జోకు సొంత ఇంటిది. భార్య పోయి మూడేళ్లయినా, పొద్దున్నే ఖాళీ ఇంటికి "వెళ్లొస్తా" అని చెప్పందే గడప దాటడు. బతికున్నప్పుడు ఆవిడ వంటింట్లోంచి "పెందలాడే రండి" అనేది.

"ఏదో ఒకరోజు ఆ మాట మళ్లీ వినిపిస్తే సంతోషించాలా, పరుగు లంకించుకోవాలా?" అని బీమా ఏజెంటుకు గడ్డం గీస్తూ అడిగాడు. నవ్వాపుకోలేక ఏజెంటు ఎంత వణికాడంటే, కత్తి పైకెత్తేయాల్సి వచ్చింది. బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. నవ్వుగానైనా సరే, ఆవిడ మాట నలుగురి చెవిన పడాలని అతని ఆశ.

ఆదివారం అతనికంటే ముందు ఏజెంటు మైకు అందుకున్నాడు. అదే జోకు, పొల్లు పోకుండా! బతికున్న పెళ్లాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు. ఆవిడ "నన్ను చంపేశారా!" అంటూ పగలబడి నవ్వింది.

తర్వాత బాబాయ్ రెండు మాటలన్నాడో లేదో, వెనకనుంచి కేక.

"విన్నాం బాబాయ్! కొత్తది చెప్పు!"

"ఇది నాదేనయ్యా. మా ఆవిడ నిజంగానే పోయింది."

హాలంతా గొల్లుమంది. ఆ సాయంత్రానికి అదే పెద్ద నవ్వు.

మెట్ల దగ్గర ఏజెంటు బాబాయ్ భుజం తట్టాడు. "ఏమనుకోకు బాబాయ్, జోకులు ఎవడబ్బ సొమ్ము? రేపు గడ్డానికొస్తా, కొత్తదేమన్నా ఉంటే చెప్పు."

"ఏం లేదు బాబూ," అన్నాడు బాబాయ్. నిజంగానే ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున తాళం పట్టుకుని, అలవాటుగా ఇంట్లోకి తిరిగాడు. నోరు తెరిచాడు. అనబోయిన "వెళ్లొస్తా" చెవిలో ఏజెంటు గొంతుతో వినిపించింది, దాని వెనకే హాలు నవ్వు. సొంత భార్యకు చెప్పే మాట కూడా ఎవరిదో కాపీ కొడుతున్నట్టు సిగ్గేసింది.

ఆ రోజు ఆవిడకు చెప్పకుండానే తలుపు వేశాడు.