ఒక కమాన్ పట్టీ ఎక్కువ

ఆ రోజుల్లో మా కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే దారిలో మనిషి ముఖం కన్నా కారు వెనుక భాగాన్నే పరీక్షగా చూసేవారు. అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు, మధ్యలో మా బాపు పాత అంబాసిడర్. అది మా ఇంటికి వచ్చేనాటికే ఎన్నో పెళ్లి బృందాలను మోసి అలిసిపోయింది. ముందు భాగం ఆకాశం చూస్తూ, వెనుక భాగం నేలకు రాసుకుంటూ నడిచేది. అంతగా కుంగిన బండిని చూసి ఏ పోలీసు ఊరుకుంటాడు? డిక్కీలో ఏముందని ప్రతి చెక్‌పోస్టులోనూ ఆపి, స్టెప్నీ టైరు దాకా దింపించేవారు. (డిక్కీలో ఏమీ లేదని తేలాక వాళ్ల అనుమానం ఇంకా పెరిగేది.)

అలాంటి సమయంలో మా అక్కకు సిరిసిల్లలో ఒక బడిలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున పది గంటలకు. అంతకుముందు ఇలాంటిదే ఒకటి చెక్‌పోస్టులో గంటన్నర నిలబడి పోగొట్టుకుంది. "గీసారి గూడ లేటయితే నేను మళ్ల అప్లికేషనే పెట్ట. ఇంట్ల బీడీలు చుట్టుకుంట కూసుంట" అంది కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. నేను అప్పుడే ఐటీఐ పాసై వచ్చాను. సర్టిఫికెట్ కొత్తది, ధైర్యం దానికన్నా కొత్తది. "నువ్వు ఫికర్ జెయ్యకు అక్కా, వారం దినాలల్ల బండిని లేపి నిలవెడత" అని మాటిచ్చేశాను.

బండి వెనుక నొక్కి వదిలితే రెండుసార్లకు మించి ఊగకూడదని మా పుస్తకంలో ఉంది. మాది అయిదారుసార్లు ఊగింది. షాక్ అబ్జార్బర్లు పోయాయని తీర్పు చెప్పి కొత్తవి వేశాను. ఊగడం ఆగింది. కుంగడం ఆగలేదు. బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిగ జేసినవ్ కొడుకా. ముందుగాల ఊగుకుంట కుంగేది, ఇప్పుడు నిమ్మలంగ కుంగుతాంది" అన్నాడు.

చేసేది లేక జగిత్యాలలో కమాన్ పని చేసే ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గోనెసంచి పరుచుకుని బండి కింద పడుకుని ఒక్క చూపు చూశాడు. "షాకులు ఊపును ఆపుతయ్ బేటా, గంతే. బరువు మోసేది కమాన్. నీ కమాన్ నవ్వుడు మర్చిపోయింది." ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలే కమాన్. అవి విల్లులా వంగి ఉండాలి. మావి స్కేలుబద్దలా తిన్నగా అయిపోయాయి, ఒకటి విరిగిపోయింది కూడా. ఆయన పట్టీలను కొలిమిలో కాల్చి, సుత్తితో మళ్లీ వంపు తెప్పించి, విరిగినదాన్ని మార్చి, "బస్, ఇంకేం వెయ్యకు" అని మరీ చెప్పి పంపాడు. విన్నానా? అక్క ఉద్యోగం కదా, ఏ అనుమానానికీ తావుండొద్దని ఇంటికొచ్చి రెండు పక్కలా ఒక్కో జీపు పట్టీ ఎక్కువ వేశాను. తీరా చూస్తే కారు ఢీకొట్టబోయే పొట్టేలులా తల దించి, వెనుక భాగం పైకెత్తి నిలబడింది.

ఇంటర్వ్యూకు ముందు రోజు బాపు దాన్ని కథలాపూర్ దాకా నడిపి చూద్దామని పోయి, మూడు గంటల తర్వాత తిరిగొచ్చాడు. "మళ్ల ఎందుకు ఆపిండ్రు బాపూ?" అన్నాను. "గింత బరువు యాడ దించి అస్తున్నవని అడిగిండ్రు" అన్నాడు.

పట్టీలు విప్పే సమయం లేదు. అప్పుడు నా బుర్రలో మెరిసిన ఉపాయం అమ్మ రోలు. రోలునూ పొత్రాన్నీ గోనెసంచిలో చుట్టి, తాడుతో బిగించి డిక్కీలో పెట్టాం. పుల్ల పెట్టి కొలిస్తే ముందూ వెనుకా సరిసమానం! తెల్లారి మొదటి చెక్‌పోస్టులో మమ్మల్ని చూడనైనా చూడలేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కథలాపూర్ దాటాక కోస్తా నుంచి వచ్చిన ఎస్సై ఒకాయన ఊరికే అలవాటుకొద్దీ డిక్కీ తెరిపించాడు. లోపల గోనెసంచి, చుట్టూ తాడు, గుండ్రంగా, బరువుగా ఏదో. కానిస్టేబుల్ లాఠీతో పొడిస్తే టక్కుమంది. మరుక్షణం రోడ్డు మీద ఒక్క పోలీసు లేడు, అందరూ పక్కనున్న కాలువలో ఉన్నారు. వాళ్లతోపాటు మా బాపు కూడా దూకాడు. (అందులో ఏముందో తెలిసిన మనిషే!)

అక్క గడియారం చూసుకుని, కారు దిగి, తాడు విప్పింది. "సార్, గిది మా అమ్మ రోలు. పేలది. నాకు పదింటికి ఇంటర్వ్యూ ఉన్నది, జెర లేవుండ్రి."

ఎస్సై దుమ్ము దులుపుకుంటూ, "ఇంటర్వ్యూకి రోలెందుకమ్మా?" అన్నాడు. అక్క వేలితో నన్ను చూపించింది. షాకుల నుంచి జీపు పట్టీల దాకా నేను మొత్తం కథ చెప్పాను. ఆయన వంగి పట్టీలు లెక్కపెట్టి, టోపీ ఊడిపోయేలా నవ్వాడు. కానీ ఇంకెవరినీ కాలువలోకి దూకించొద్దంటూ రోలు మాత్రం అక్కడే దించమన్నాడు. రోలు దిగితే బండి లేస్తుంది, ముందు ఇంకా రెండు చెక్‌పోస్టులున్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. అది చూసి ఆయన కాగితం తీసి రాసిచ్చాడు: 'ఈ కారు వెనుక భాగం ఎత్తుగా ఉండుటకు కారణం మెకానిక్ అత్యుత్సాహము మాత్రమే. పంపవలెను.' ఆ రెండు చోట్లా కాగితం చదివి, నా ముఖం చూసి, నవ్వి వదిలేశారు. పదికి పది నిమిషాల ముందే చేరాం.

అక్కకు ఉద్యోగం వచ్చింది. వారం తర్వాత రోలు కోసం పోతే కానిస్టేబుళ్లు అందులో ఇడ్లీపిండి రుబ్బుతున్నారు. ఇంకో రెండు రోజులు ఉంచమన్నారు, మళ్లీ ఇవ్వలేదు. "బిడ్డకు కొలువచ్చింది, నా రోలుకు గూడ సర్కారు కొలువే అచ్చింది" అని అమ్మ బతికినన్నాళ్లూ అంటూనే ఉండేది.

ఇప్పుడు నా షెడ్డులో ఐటీఐ సర్టిఫికెట్ ఎక్కడుందో నాకే తెలియదు గానీ, ఆ కాగితం మాత్రం ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను. నేనిప్పుడు పట్టీలు లెక్క ప్రకారమే వేస్తాను, పనిమంతుడనే పేరుంది. అయినా అక్క కోసం ఒక పట్టీ ఎక్కువ వేసిన ఆ పిల్లవాడంటే నాకు ముద్దు. వాడు పూర్తిగా పోయినట్టు లేడు. మొన్న అక్క మనవరాలు పరీక్షకు బయల్దేరుతుంటే కారు టైర్లలో గాలి రెండుసార్లు చూసి, మూడోసారి వంగబోయాను. వాకిట్లోంచి అక్క కేకేసింది. "ఇగ సాలు తమ్మీ. మనింట్ల ఇంకో రోలు లేదు."