రేవుకు పోవలసిన పల్లీలు

పల్లికాయ పీకిన రోజుల్లో, తెల్లవారగానే మా ఆయన తిమ్మప్ప కల్లం నుంచి ఒక కాయ తెచ్చి, పొయ్యి ముందున్న నా చెవి దగ్గర ఆడించేవాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. మొన్న మాఘమాసంలో గుండె ఆగి పోయాడు. ఇప్పుడు నేనే పోయి ఆడించుకుంటున్నాను. ఒక కాయతో నమ్మకం కుదరదు, ఇంకోటి తీస్తాను.

మాది ఇటిక్యాల. పోయిన ఏడాది మా పల్లీలు గద్వాలలో చిన్న పట్టాల గూడ్సు ఎక్కాయి. పెద్ద పట్టాలు మొదలయ్యే జంక్షన్‌లో బస్తాలు దించి వేరే వ్యాగన్లకు ఎక్కించాలి. వ్యాగన్లు దొరకక మూడు వారాలు అక్కడే పడి ఉన్నాయి. సింగపూర్ ఓడ ఎక్కవలసిన సరుకును, బూజు పట్టిందని రేవు నుంచి తిప్పి పంపారు.

"ఇంకోసారి గిట్లయితే మీ ఊరి సరుకు ముట్ట," అన్నాడు వనపర్తి షావుకారు కృష్ణయ్య.

ఊరంతా రైలును తిట్టింది. మా ఆయన తిట్టలేదు. మూడో తరగతి దాటలేదు గానీ, ఏదైనా చేసి చూస్తే తప్ప నమ్మే మనిషి కాదు. పొట్టు మెత్తబడి గింజ పగలకుండా, ఒలిచే ముందురోజు కాయల మీద నీళ్లు చల్లడం మా అందరి అలవాటు. ఆయన ఒక బస్తా తడిపి ఒలిచాడు, ఒకటి పొడిగా ఒలిచాడు. రెండూ మూడు వారాలు మూలన పెట్టాడు. విప్పితే తడిపిన దాంట్లో పచ్చటి బూజు.

"చూసినవా? తప్పు రైలుది గాదు, నీ చెంబుది."

"అయితే చెంబు నువ్వే పట్టు," అన్నాను.

పొడి కాయలో గింజ పగలకుండా, ఒలిచే మర ఇనుప పళ్లకు పాత సైకిల్ ట్యూబు చుట్టాడు. మా మరిది భీమన్న నవ్వాడు. "గాలి గూడ కొట్టన్నా, గద్వాల దాక అదే పోతది!"

నాలుగు దోసిళ్ల కాయ మరలో వేసి తిప్పి చూశాడు. బాగానే వచ్చాయి. అంతలోనే పోయాడు.

రేపు, గింజ చూసి కొంటానన్న కృష్ణయ్య ముందర మర తిప్పాలి. నలభై బస్తాల కాయ. ఈ సాయంత్రం భీమన్న నీళ్ల బిందె తెచ్చి కుప్ప పక్కన పెట్టాడు.

"వదినా, అన్న చూసింది నాలుగు దోసిళ్లే. జర చల్లు."

"మల్ల బూజు పడితే?"

"అది ఎప్పుడో రేవుల సంగతి. పగిలినయి రేపే కనవడ్తయి గదా!"

నాకూ అదే భయం. బిందె అక్కడే వదిలి భీమన్న ఇంటికి వెళ్లాడు. పొద్దు గూకుతున్నది, చల్లవలసిన వేళ దాటిపోతున్నది. నేను గడపలో కూర్చున్న దాన్ని లేవలేదు.