ఒక కంటి కాటుక

మా చిన్నది పద్మ చెంబెడు నీళ్ళు గటగటా తాగి తలెత్తింది. ఎడమ కంటిపాప నేరేడుపండులా ఉంది! తర్వాత నేను చేసిన ఘనకార్యానికి ముత్తుకూరంతా నవ్వింది. మీరూ నవ్వుకోండి, ఏమీ అనుకోను.

ఆ పొద్దున పెరట్లో ఉమ్మెత్త మొక్కలన్నీ పెరికేశాను. తెల్లటి పూలు, ముళ్ళకాయలు, ఆ కాయల్లో విషపు గింజలు. పిల్లలు నోట్లో వేసుకుంటేనో?

"నా మోకాలికి కట్టుకునే ఆకమ్మే అది! ఇన్నేండ్లుగా ఉండాది, ఎవురిని కరిచినాదీ?" అన్నారు అత్తగారు.

"విషం అత్తయ్యా. నేను చదువుకున్నాను."

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

ఆ ఊపులోనే పెద్దది సుజాతను బడికి పంపి, పద్మకు కాటుక పెడుతుంటే అది సగంలోనే జారుకుని ఎండలో ఆటకు పోయింది. ఇదిగో, ఇప్పుడు వచ్చింది. ఎర్రబడ్డ ముఖం, దాహం, పెద్దదైన కంటిపాప. అచ్చం మా పాఠ్యపుస్తకంలో ఉమ్మెత్త విషం గురించి రాసినట్టే! ఇక మిగిలింది మతిభ్రమణం.

"పద్మా, నేనెవరే?" జుట్టు విరబోసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని అరిచాను.

అది బెదిరిపోయి, "దయ్యం!" అంది.

అయిపోయింది! ఏ కాయో మింగేసింది! పిల్లను భుజాన వేసుకుని, ఏడుస్తూ జట్కా ఎక్కాను. వెనకాలే అత్తగారు, కుంటుకుంటూ.

పెరట్లో పెరికేసిన ఉమ్మెత్తల సంగతి విని, డాక్టరుగారు పద్మ కళ్ళు రెండూ చూశారు. నాడి చూశారు. నోరు తెరిపించి చూశారు.

"కడుపులోకి పోయిన విషం ఒక్క కంటికే ఎక్కుతుందా అమ్మా? ఈ కంట్లో ఏం పెట్టినారు?"

"కాటికయ్యా. రెండో కంటికి పెట్టేలోపల పరిగెత్తింది," అన్నారు అత్తగారు.

"ఉమ్మెత్త పెరికింది ఎవరు?"

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. గోళ్ళ నిండా పచ్చటి పసరు.

"ఆ పసరు వేలితోనే కాటుక పెట్టినారు. కంటిపాప పెద్దదైంది దానివల్ల, దాహం ఎండవల్ల. రెండు మూడు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే. ఏం చదువుకున్నారమ్మా?"

"ఇంటర్" అని అబద్ధం ఆడబోయాను. అంతలో అత్తగారు నా భుజం నిమిరి, ఎంతో గర్వంగా అన్నారు: "బియ్యెస్సీ అయ్యా! చెట్లూ చేమల చదువే!"

మర్నాడు పొద్దున కాటుక భరిణె తీయగానే పిల్లలిద్దరూ వాళ్ళ అవ్వ వెనక దాక్కున్నారు. సబ్బుతో మూడుసార్లు కడిగిన చేతులు చాచి, ఒట్టు వేసి మరీ చెప్పాను:

"ఉమ్మెత్తను మీరు ముట్టుకోవద్దు. ముట్టుకున్న అమ్మను మిమ్మల్ని ముట్టుకోనివ్వద్దు."