రాగి బిందె బండి

మా బావ పోయాడన్న కబురు మొన్న పొద్దున్నే ఫోనులో వచ్చింది. అక్క పెద్దకొడుకు "చిన్నమ్మా, నాయిన పోయిండు" అని ఒక్క మాట చెప్పి ఏడ్వడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంత మనిషి పోతే దేవరకొండలో నాలుగు దుకాణాలైనా మూయలేదట. నేను వెళ్లేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. రెండు అరచేతులూ పైకి తిరిగి ఉన్నాయి. ఆ చేతుల్లో గీతలు లేవు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు వీధిలోకి వస్తే పిలిచి మరీ చెయ్యి చాపి వాళ్లను ఆటపట్టించేవాడు. గీతలు ఎందుకు లేవో కళ్లారా చూసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో బావ సర్కారు దవాఖానలో కంపౌండరు. డాక్టరు జీతం రోజు తప్ప కనిపించేవాడు కాదు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లకు మందూ మాకూ అన్నీ బావే. నేను పెళ్లయిన ఏడాదికే మొగుణ్ణి పోగొట్టుకుని అక్క పంచన చేరాను. "మూలకు కూసుంటే ఏమొస్తది, పట్టీలు కట్టుడు నేర్చుకో" అని నన్ను వెంట తిప్పుకున్నాడు. ఆడవాళ్ల పుండ్లు కడగడానికి ఆడదాని చెయ్యి కావాలి కదా. మరదల్ని వెంటేసుకుని ఊరేగుతున్నాడని జనం నోళ్లు నొక్కుకున్నారు. "అననియ్యి, జరమొస్తే గా నోళ్లతోనే మందు తాగాలె" అనేవాడు.

మేము తిరిగిన మోటారు సైకిలు పెద్ద యుద్ధంలో తిరిగి తిరిగి మూలపడినది. సికింద్రాబాదులో మిలిటరీ వాళ్లు పాత సామాను వేలం వేస్తే కొని, ఎద్దుల బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. "మోటరు బండిని ఎడ్లు గుంజుకొచ్చినయి, మంచి శకునమే" అంది మా అక్క. బావ వాకిట్లో బొంత పరిచి, ప్రతి ముక్కా విప్పి, కడిగి, ఆరబెట్టాడు. అప్పటికి సంస్థానంలోకి సామాను రాకుండా సరిహద్దులు మూసేశారు. పెట్రోలు కరువు. విడి భాగాల మాట ఎత్తనే కూడదు. క్లచ్చిలో అరిగిపోయిన బెండు ముక్కల స్థానంలో మందు సీసాల బిరడాలు కోసి బిగించాడు. ట్యూబు పనికిరాకుండా పోతే టైరులో వరిగడ్డి కుక్కి నడిపాడు. పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చేవాడు. వడ్లాయన పాత బండి పలకలతో పక్కన ఒక పెట్టె చేసి దానికో చక్రం బిగించాడు. అందులో సగం మందులు, సగం నేను. రోజూ ఏదో ఒక ఊరికి ప్రయాణం. బండి మొరాయిస్తే బావ తన్నేవాడు కాదు, తిట్టేవాడు కాదు, పక్కన గొంతుక్కూర్చుని చెవి పెట్టేవాడు. "బండైనా మనిషైనా ముందు ఇనాలె, తర్వాత చెయ్యి వెట్టాలె" అనేవాడు. ఆ మాట నాకు రోజుకోసారైనా చెప్పి ఉంటాడు.

దొరల అండతో ఊళ్ల మీద పడి దోచి, తగలబెట్టి, చంపే ఖాకీ దండు ఒకటి అప్పుడు తిరుగుతూ ఉండేది. దాని పేరు మా జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు, నా కలంతో రాయడం నాకు ఇష్టం లేదు. దండు అనే అంటాను. వాళ్లూ మోటారు సైకిళ్ల మీదే వచ్చేవాళ్లు. మా బండి సైలెన్సరు కాలి చిల్లులు పడి, అచ్చం వాళ్ల బండ్లలాగే టపటపా పేలేది. మా చప్పుడు వినగానే ఊళ్లు ఖాళీ అయ్యేవి. పొయ్యి మీద గటక మాడుతూ ఉండేది, మనుషులు జొన్నచేలలో ఉండేవాళ్లు. గుట్టకింద పల్లె అని ఒక ఊరు. ఆ పేరు నేను పెట్టిందే, అసలు పేరు రాయను. అక్కడ ఒక సాలెయన భార్యకు నొప్పులని కబురొస్తే వెళ్లాం. మా చప్పుడుకే భయపడి ఆమెను మంచంతో సహా చేలోకి ఎత్తుకుపోయారు. మేము వెతికి పట్టుకునేసరికి మంచం రాళ్ల మీద తిరగబడి ఉంది. ఆడబిడ్డ పుట్టి చచ్చిపోయింది, తల్లి నెత్తుటి మడుగులో ఉంది. తల్లిని మాత్రం దక్కించాం. ఇంటికి రాగానే అక్క పెళ్లి సారెలో వచ్చిన రాగి బిందె చేత్తో పట్టుకుని కంచరి ఇంటికి నడిచాడు.

అక్క వీధిలో నిలబడి తిట్టింది. "నీళ్లు తెచ్చుకునే బిందెను మోటరు ముడ్డికి కట్టెటోన్ని యాడన్న చూసిండ్రా?" అని వచ్చేపోయే వాళ్లందరినీ అడిగింది. కంచరి బిందె అడుగు కోసి, లోపల రేకులు పెట్టి, పొగగొట్టానికి అతికాడు. పేలుడు పోయింది. బావిలో బిందె ముంచినప్పుడు వచ్చే బుడబుడ లాంటి చప్పుడు వచ్చింది, అదీ చాలా దూరం వినిపించేది. బావ ప్రతి ఊళ్లోనూ జనాన్ని కూడేసి, బండి స్టార్టు చేసి వినిపించాడు. "గీ సప్పుడు నాది. ఇది ఇంటే ఉర్కకుండ్రి. సీసలు తీసుకోని రాండ్రి" అని చెప్పాడు. కొద్ది రోజుల్లోనే రాగి బిందె బండి అని పేరు పడిపోయింది. గుట్టకింద పల్లెలో ఆ చప్పుడు వినగానే జనం ఊరి నడుమ బొడ్రాయి చుట్టూ వరసగా కూర్చునేవాళ్లు, మందుకు ఎవరి సీసా వాళ్ల చేతిలో. అందరికంటే ముందు ఆ సాలెయన ఉండేవాడు, చంక కింద మానని కురుపుతో. "బిందెల నీళ్లు తెస్తివా కంపౌండరయ్యా, పాలు తెస్తివా?" అని ఎప్పుడూ అదే ఎకసెక్కం. భార్య వెనక నుంచి మోచేత్తో పొడిచేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆ ఊరికే పోతుంటే వాగు దగ్గర దండు ఎదురుపడింది. వాళ్ల బండి ఒకటి చెడిపోయిందట, మాది కావాలన్నారు. బావ మారుమాట లేకుండా దిగాడు, నన్ను దింపాడు. మందులన్నీ వాగులో పారబోస్తున్నా ఊరుకున్నాడు. వాళ్లలో ఒకడు బండి ఎక్కి కూర్చున్నప్పుడు బావకు బిందె గుర్తొచ్చింది. ఒక్క దూకున వెనక్కి వెళ్లి రెండు చేతులతో దాన్ని పట్టుకుని గుంజాడు. అప్పుడే ఆపిన బండి, కణకణలాడుతున్న రాగి. చర్మం కాలిన కమురు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. పళ్లు ఊసి మళ్లీ పట్టుకున్నాడు. నేను అడ్డం పోతే నా జుట్టు పట్టి రాళ్ల మీద ఈడ్చారు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

"క్యా హై రే ఇస్ మే? బంగారమున్నదా?" అని వాళ్ల పెద్ద అడిగాడు.

వాళ్ల వెంట దొర మనిషి ఒకడున్నాడు, మా వైపు వాడే. వాడు నవ్వాడు. "బంగారం కాదు సాబ్. గీ సప్పుడు ఇంటే జనం ఉర్కరు. ఎదురొస్తరు."

ఆ పెద్ద బిందె వంక కాసేపు చూసి "అచ్ఛా" అన్నాడు. మా బండిని ఒక్కదాన్నే ముందు పోనిచ్చి, తమ బండ్లను ఇంజన్లు ఆపి వెనక నెట్టుకు రమ్మన్నాడు.

"నా చేతులే చెప్పినయి వాళ్లకు" అని బావ బతికినంత కాలం అంటూనే ఉన్నాడు. ఎట్లాగూ బండి తీసుకుపోయేవాళ్లే, ఎట్లాగూ ఆ చప్పుడు వాళ్లకంటే ముందు ఊళ్లోకి పోయేదే అని నేను ఎన్నిసార్లు వాదించానో. ఆయన ఒప్పుకోలేదు. ఆ విషయంలో బావ మీద నాకు ఇప్పటికీ కోపమే.

మేము పరుగెత్తాం. బుడబుడ ముందు పోతూనే ఉంది. అది ఆగింది. తర్వాత తుపాకులు మొదలయ్యాయి. మేము చేరేసరికి దండు వెళ్లిపోయింది, ఇళ్లు కాలుతున్నాయి. బొడ్రాయి దగ్గర వరసలో కూర్చున్నవాళ్లు వరసలోనే పడి ఉన్నారు. వాళ్ల కాళ్లకూ చేతులకూ ఉన్నవి బావ కట్టిన పట్టీలే, నేను చింపిన గుడ్డలే. ఎటు అడుగేసినా పగిలిన సీసాలు. ఒక ముసలామె చెవులు కమ్మలతో సహా కోసుకుపోయారు, ఆమె ఇంకా బతికే ఉంది. సాలెయన కడుపులో బల్లెం దిగి, పేగులు రెండు చేతులతో పట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు.

ఆయన భార్య రోకలి తీసుకుని వచ్చింది. "నీ సప్పుడే అనుకుంటిమి గదయ్యా" అంటూ బావ భుజం మీద వేసింది. ఎముక విరగడం నాకు వినిపించింది. బావ చెయ్యి అడ్డం పెట్టలేదు, తప్పుకోలేదు. రెండో దెబ్బ ఎత్తి ఆమే కూలబడింది. బావ నా వైపు తిరిగి "సూది నువ్వు పట్టు, నేను చెప్త" అన్నాడు. ఆయన చెపుతుంటే మగ్గం నూలు ఉడకబెట్టి పొద్దుగూకే దాకా గాయాలు కుట్టాను. కొందరు నా చేతుల్లోనే పోయారు.

కొంత కాలానికి పోలీస్ యాక్షన్ వచ్చింది. మిలిటరీ దిగేసరికి దండు చెల్లాచెదురైంది. ఆ దొర మనిషి జొన్నచేలో దాక్కుంటే జనం ఈడ్చుకొచ్చి అదే బొడ్రాయి దగ్గర రాళ్లతో కొట్టి చంపారు. బావ పోలేదు. నేను పోయాను, ఆఖరి దాకా నిలబడి చూశాను, ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను. రెండు రోజులు బావ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనిమ్మనుకున్నాను.

మా బండి ఠాణా వెనక తుక్కులో దొరికింది. ముందు చక్రం సొట్టపోయింది, పెట్టె పలకల్లో నెత్తురు ఇంకిపోయింది. "గా పాడు బండి ఇంట్లకు తేవద్దు" అంది అక్క. బావ వినలేదు. భుజం అతుక్కోక ముందే మళ్లీ బొంత పరిచాడు. కాలిన చేతులతో మర పట్టు దొరక్కపోతే నేను తిప్పేదాన్ని. వడ్లాయన పలకలు చిత్రిక పట్టి నెత్తురు తీసేశాడు. బండి బాగైంది. చిక్కల్లా చప్పుడుతోనే వచ్చింది. బిందె తీసేస్తే దండు బండిలా పేలుతుంది. బిందె పెడితే ఆ రోజు మోగినట్టే మోగుతుంది. ఏ చప్పుడుతో ఆ ఊరికి పోవాలి? బావ బిందె విప్పి అటక మీద పెట్టాడు. పొలిమేర చాలా దూరం ఉండగానే ఇంజను ఆపేసి, ఆ రాళ్ల బాటలో బండిని నెట్టుకుంటూ పోయేవాళ్లం. ఊళ్లో ఒక్క తలుపు తెరుచుకునేది కాదు. లోపల చీము పట్టిన గాయాలతో మూలుగుతున్నా ఎవరూ బయటికి రాలేదు. బావ బొడ్రాయి దగ్గర కాసేపు కూర్చుని, మందులు అక్కడే పెట్టి తిరిగి వచ్చేవాడు.

అట్లా ఒకనాడు నెట్టుకుంటూ పోతుంటే సాలెయన భార్య గడపలో నిలబడి ఉంది. రోకలి దెబ్బ తర్వాత ఆమె మాతో మాట్లాడింది లేదు.

"బిందె ఏది?" అంది.

"తీసేసిన" అన్నాడు బావ తల ఎత్తకుండా.

"ఎందుకు తీసినవ్?"

"గా సప్పుడు మీరు మళ్ల ఇనద్దని."

"నా బిడ్డ ఒక సప్పుడుకు పోయింది, నా మొగడు ఒక సప్పుడుకు పోయిండు. బిడ్డ పోయిన సప్పుడు నాకొద్దు. నా మొగడు గా బిందె సప్పుడు ఇని నవ్వుకుంట బయటికి పోయిండయ్యా. గదన్న నాకియ్యి."

ఇంటికి వచ్చి బావ బిందె దించాడు. తిట్టిపోసిన మా అక్కే చింతపండు పెట్టి దాన్ని తళతళలాడేలా తోమింది. తర్వాత ఆ బండి చాలా ఏళ్లు తిరిగింది, నందికొండలో డ్యాము కట్టే కూలీల దాకా మందులు మోసింది. అవన్నీ చెప్పడానికి ఊళ్లో ఇంకా మనుషులున్నారు. మర్నాటి సంగతి చెప్పడానికి నేనే ఉన్నాను.

మర్నాడు పొలిమేర దగ్గర బావ ఆగిపోయాడు. "పోనియ్యి బావా" అన్నాను. ఆ చప్పుడుతోనే ఊళ్లోకి పోయాం. ధనధనా తలుపులు పడ్డాయి. ఎవరో విసిరిన రాయి నా నొసట తగిలి కంట్లోకి నెత్తురు కారింది. బొడ్రాయి దగ్గరికి చేరి బావ ఇంజను ఆపబోతుంటే, సాలెయన భార్య ఉరికొచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆపకు కంపౌండరయ్యా" అంది. "జర సేపు ఉండనియ్యి."

మొగుడు చచ్చిన చోట నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని వింది. కిరసనాయిలు అయిపోయి బండి దానంతటది ఆగే దాకా ఆమె లేవలేదు, బావ దిగలేదు.