రాఘవమ్మ గడప మీద బొటనవేలు

హెబ్రోను మొట్టమొదట గెలిచింది రాఘవమ్మ గారి గది గడప మీది బొటనవేలి ముద్రతో. ఆ తర్వాత మైపాడులో లాంతరు చిమ్నీ మీద చూపుడువేలు పట్టాడు. కోవూరు రైసుమిల్లు తాళం మీద అరచేతి అంచు పట్టాడు. చిల్లకూరు దగ్గర ఆగిపోయిన లారీ అద్దం మీద ఐదువేళ్ళూ పట్టాడు. అయినా అవన్నీ ఒక ఎత్తు, ఆ గడప ఒక్కటీ ఒక ఎత్తు.

అది 1959, నాట్ల కాలం. హెబ్రోను అప్పటికి మామూలు కానిస్టేబులు. తల్లి రెబెక్కమ్మ కూలికి పోయి చదివించిన ఒక్కగానొక్క కొడుకు. నెల్లూరులో వేలిముద్రలు తీసే పని నేర్పి, ఒక మెత్తటి కుంచె, ఒక సీసాడు నల్లపొడి చేతికిచ్చి పంపారు. సముద్రపు గాలికి పొడి ఉండలు కడుతుంటే, సీసాను ఇంట్లో పొయ్యి మీద ఉట్టిలో పెట్టి కాపాడుకునేవాడు. ఠాణాలో తోటివాళ్ళు, "హెబ్రోనుకు మసి పూసే ఉద్యోగమొచ్చిందిరా" అని నవ్వేవాళ్ళు.

నవ్వరా మరి! ఏ ఇంటికి పోయినా ఒక్క ముద్ర దొరికేది కాదు. మన వైపు మర్యాద అట్లాంటిది. సర్కారు మనిషి ఇంటికి వస్తున్నాడంటే ముందు ఇల్లు అలికి, పెట్టెలు తుడిచి, చెంబులు చింతపండుతో తోమి పెట్టాలి. దొంగ పడ్డ ఇల్లయినా సరే. హెబ్రోను వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా ఉండేది, కుంచె వట్టిదే తిరిగి వచ్చేది.

రాఘవమ్మ ఇల్లు కొడవలూరు పక్క పల్లెలో. ఆమె భర్త పోయినా సేద్యం వదలని మనిషి. ఆ శుక్రవారం పొద్దున గడపలకు పసుపు పూసి, నాట్లు వేసేవాళ్ళకు అన్నం మోయించుకుని పొలానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లోపలి గదిలో పెట్టె తెరిచి ఉంది, కాసులపేరు లేదు. పొలం నుంచి పలుగు కోసం ఇంటికి వచ్చి పోయింది పాలేరు చెంచయ్య. ఆమె మరిది కొడుకు పద్మనాభయ్య, "చెంచయ్య గది వైపు పోవడం నా కళ్ళతో చూసినా" అన్నాడు. అంతే, శనివారం పొద్దుటికి చెంచయ్యను పట్టుకుపోయారు.

హెబ్రోను వచ్చాడు. ఇల్లు అలికి ఉంది, పెట్టె తళతళలాడుతోంది.

"పెట్టె తుడిచేశారా అమ్మా?"

"తుడవకుండా? మీరొస్తుంటే దుమ్ము పెట్టె చూపించమంటావా నాయనా!"

హెబ్రోనుకు ఏడుపొక్కటే తక్కువ. గది గుమ్మం పొట్టిది. తల వంచి బయటికి వస్తూ గడప వైపు చూశాడు, అక్కడే కూలబడ్డాడు. రాఘవమ్మ పసుపు పూయడంలో పిసినారి కాదు, మందంగా పూస్తుంది. ఆ పసుపులో, తడిగా ఉన్నప్పుడు ఎవరో వంగి చెయ్యి ఆనించినట్టు, బొటనవేలు దిగి ఉంది. గీత గీతా, నడిమి సుడితో సహా ఆరిపోయి ఉంది. ఇల్లంతా కడిగిన రాఘవమ్మ ఆ ఒక్క గడపా ముట్టుకోలేదు. శుక్రవారం పూసిన పసుపు మళ్ళీ శుక్రవారం దాకా కదిలించరు గదా!

పొడి చల్లితే పసుపు రాలుతుంది. ఫోటో ఒక్కటే దారి. కెమెరా చూస్తే గూడూరు వైపు హత్య కేసు మీద వెళ్ళింది, పై శనివారం గానీ రాదు. ఎస్సై జయరామయ్య గారు విని, "బాగా పట్టినావయ్యా. కెమెరా వచ్చేదాకా దాన్ని కాపాడు. అది లేకపోతే చెంచయ్యను నేను వదల్లేను" అన్నారు.

హెబ్రోను రాఘవమ్మనడిగి ఒక కంచుగిన్నె ఆ ముద్ర మీద బోర్లించాడు. రోజూ డ్యూటీ దిగి వచ్చి, కోళ్ళు తన్నలేదు గదా, చీమలు పట్టలేదు గదా అని చూసి పోయేవాడు. ఠాణాలో చెంచయ్య వేళ్ళకూ, ఇంట్లో అందరి వేళ్ళకూ సిరా పూసి కాగితం మీద అద్దించాడు.

"నా సొమ్ము పోతే నాతోనే ముద్ర వేయిస్తావా? నేను దొంగనా?" అంది రాఘవమ్మ.

"మీ పసుపు మీద ముందు పడేది మీ వేలే గదమ్మా. అది కాదని తేలాలి."

పద్మనాభయ్య మాత్రం, "నాకు తీరిక లేదు పో" అని తప్పుకున్నాడు.

శుక్రవారం రానే వచ్చింది. రాఘవమ్మ పసుపు గిన్నెతో గది ముందు నిలబడింది. హెబ్రోను గడపకు అడ్డం కూర్చున్నాడు. చెంచయ్య పెళ్ళాం పెంచలమ్మ వాకిట్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తోంది.

"లెయ్ నాయనా. పొద్దెక్కుతోంది."

"జానెడు మేర వదిలిపెట్టండమ్మా, మిగతాదంతా పూసుకోండి."

"శుక్రవారం పూట గడప సగం బోసిగా పెట్టమంటావా? మీకు ఈ పట్టింపు లేదు, మాకుంది."

"లేకపోలేదమ్మా. మా అమ్మ ఆదివారం పూట ఇల్లు ఊడవకుండా నన్ను గడప దాటనీదు. కాదనడం లేదు."

పద్మనాభయ్య వెనక నుంచి, "పోలీసోడి మాట విని ఆచారం చెడగొట్టుకుంటావా పెద్దమ్మా? పూసెయ్" అన్నాడు.

రాఘవమ్మ అతని వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. తర్వాత హెబ్రోనుతో, "ఆ వేలు చెంచయ్యదే అయితే?" అంది.

"చెంచయ్యే జైలుకు పోతాడు. నేనే చెబుతా."

పెంచలమ్మ గొంతు లేచింది. "పోనీండమ్మా! మా ఆయనదైతే పోనీండి. ముందు తేలనీండి!"

రాఘవమ్మ వంగింది. గిన్నె ఎత్తలేదు. గిన్నెకు అటూ ఇటూ గడపంతా పసుపు పూసింది. ఆఖరున ఆ బోర్లించిన గిన్నె వీపుకే మందంగా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇదీ గడపే ఇప్పుడు. ఇంక లెయ్" అంది.

మర్నాడు కెమెరా వచ్చింది. దీపం ఏటవాలుగా పట్టి ఫోటో తీస్తే గీతలన్నీ లేచి నిలబడ్డాయి. అది చెంచయ్యది కాదు, ఇంట్లో వేళ్ళద్దినవాళ్ళెవరిదీ కాదు. మిగిలింది తీరికలేని పద్మనాభయ్య. జయరామయ్య గారు పిలిపించి వేలు అద్దిస్తే సుడికి సుడి సరిపోయింది. గడ్డివామిలోంచి కాసులపేరు తనే తీసి ఇచ్చాడు. చెంచయ్య ఇంటికి వచ్చాడు. రాఘవమ్మ అతనికి ఎదురెళ్ళి, "నీ మీద నమ్మకం పోగొట్టుకున్నా, మనసులో పెట్టుకోవద్దు" అంది, నలుగురూ వింటుండగా.

ఆ గడప ఫోటో పైవాళ్ళ దాకా పోయింది. హెబ్రోను హెడ్డు కానిస్టేబులయ్యాడు. మన వైపు ఠాణాల్లోంచి కలకత్తాకు వేలిముద్రల పెద్ద చదువుకు పంపింది అతన్నే. అక్కడి పరీక్ష కూడా గెలిచాడని కబురొచ్చింది. రెబెక్కమ్మ ఆ కబురు చర్చిలో ఒకసారి, సంతలో ఒకసారి, కనబడ్డవాళ్ళందరికీ ఇంకోసారి చెప్పింది.

మెయిలు రైల్లో వచ్చి నెల్లూరులో దిగుతాడట. చెంచయ్య బండి కట్టుకుని స్టేషనుకు పోతానని ఇప్పటి నుంచే ఎడ్లకు కొమ్ములు నూరుతున్నాడు. ఆ బండి మొదట తన ఇంటికే రావాలంది రాఘవమ్మ. "ఆ పొద్దు గడపకు పసుపు వాడొచ్చి చూసినాకే పూస్తా. మళ్ళీ ఏ వేలు వెతుక్కుంటాడో" అని నవ్వుతోంది. హెబ్రోను వచ్చేది 1963 మే 10, శుక్రవారం.