మామ కాపలా కాసిన రేకు గొట్టాలు

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను బస్సులో ఉన్నాను. ఆరాంఘర్ చౌరస్తాలో బండ్లు కదల్లేదు. మామ ఊరు కొత్వాల్‌గూడ చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఆఖరి చూపు దక్కలేదన్న కోపం నాకింకా చల్లారలేదు. ఆయనే ఉంటే ఆ ట్రాఫిక్‌ను నాకంటే గట్టిగా తిట్టేవాడు.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్ పక్కన ఒక మందుల గోదాం వచ్చింది. మామ అక్కడ మరమ్మతులు చూసేవాడు. నాకూ అక్కడే పని ఇప్పించాడు. మందుల పెట్టెలు సర్దేదాన్ని. లోపలికి చల్లగాలి తెచ్చే పెద్ద రేకు గొట్టాలు డాబా మీద ఎండకూ వానకూ పడి ఉండేవి. వాటికి తుప్పు పట్టకుండా చూడటం ఆయనకు తెగని గొడవ. డాబా మీది నీళ్ల ట్యాంకు కడిగేవాళ్లు వాటి మీదుగానే నడిచేవారు. తొక్కినచోట రేకు సొట్టపోయి వాన నీళ్లు నిలిచేవి.

"గది నడిచే తొవ్వ కాదు తమ్మీ, దిగు," అనేవాడు. వాళ్లు దిగేవారు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ ఎక్కేవారు.

సద్ది తినేటప్పుడూ ఆ తుప్పు ధ్యాసే. "జంగు మీద రంగేస్తే ఏమైతది? ముందుగాల గీకాలె." మా అత్తా నేనూ మాట్లాడుకోవడం మానేసినప్పుడు కూడా ఈ మాటే అన్నాడు.

ఒక ఎండాకాలం విసిగిపోయి, గొట్టాలన్నిటికీ కొత్తగా అల్యూమినియం రేకు చుట్టి, ఎక్కడా సందు లేకుండా సీలెంట్ నింపాడు. "ఇగ చూస్త, నీళ్లెట్ల పోతయో," అన్నాడు.

ఆ వానాకాలం ముసురు పట్టినప్పుడు గొట్టం అడుగు చివికి, నీళ్లు మందుల పెట్టెల మీద కారాయి. ఆ సరుకంతా పారేశారు. మామ పైకెక్కి రేకు విప్పాడు. ఏదో సన్నని పగులులోంచి దూరిన నీరు బయటికి పోయే దారిలేక, చల్లదనం పోకుండా రేకు కింద చుట్టి ఉన్న దూదిలో నాని నాని ఇనుమును తినేసింది.

"నేనే బంద్ చేసిన బిడ్డా. ఒచ్చే తొవ్వ మూసిన అనుకున్న. పోయే తొవ్వ మూసిన."

యజమాని ఒక్క మాట అనలేదు. మామను ఎక్కువ బాధపెట్టింది అదే. తాను చుట్టిందంతా తానే విప్పాడు. తుప్పు గీకి, చివికిన ముక్కలు మార్చి, పై రేకు అంచు కింది రేకును కప్పేలా పెంకుల మాదిరి పరిచాడు. అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు వదిలాడు. గొట్టాలు దాటడానికి ఇనుప మెట్లు కట్టించమని అడిగి అడిగి అలిసిపోయాడు. అవి రానేలేదు. ఆ మంట ఆయనతోనే పోయింది.

చేసిన పని చెడితే మూతి ముడుచుకుని కూర్చోకుండా మళ్లీ మొదలుపెట్టడం నేను ఆయన దగ్గరే చూశాను.

ఆ పని అయ్యాక పడిన మొదటి వాన గుర్తుంది. గొడుగు పట్టుకెళ్తే వద్దన్నాడు. గొట్టం పక్కన గొంతుక్కూర్చుని ఒక రంధ్రం కింద అరచేయి పెట్టాడు. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత చుక్క చుక్కగా, గీకిన పొడితో కలిసి ఎర్రగా పడింది. మెల్లగా తేటబడింది. అయినా ఆయన చెయ్యి తీయలేదు.